ఒక ప్రాంతంలో తీవ్ర గాయాలు ఎన్ని? రేటు లెక్కగట్టడంలో మెలకువలు

అందరికీ నమస్కారం.

ఒక ప్రాంతంలో ఏడాదికి ఎంతమంది తీవ్రంగా గాయపడుతున్నారని అడిగితే లక్ష జనాభాకు ఇంతమంది అని ఒక్క అంకె చెబుతాం. ఆపరేషన్ థియేటర్లు ఎన్ని కావాలి, రక్తనిధిలో నిల్వ ఎంత ఉండాలి, న్యూరోసర్జన్ రాత్రి డ్యూటీలో ఉండాలా అక్కర్లేదా, ఇవన్నీ ఆ అంకెను బట్టే తేలతాయి. ఆ అంకె ఎలా తయారవుతుందో, ఎక్కడెక్కడ చెడిపోతుందో ఈ గంటలో చూద్దాం. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. రెండు ప్రాంతాల రేట్లలో తేడా కనబడితే మొదట అనుమానించాల్సింది అక్కడి రోడ్లనో మనుషులనో కాదు, లెక్కపెట్టిన పద్ధతిని.

పట్టుకోవడానికి ఒక ఊహాప్రాంతం తీసుకుందాం. జనాభా 12 లక్షలు. ఒక పెద్ద ఆస్పత్రి, చుట్టూ ఐదు చిన్న ఆస్పత్రులు. మూడేళ్ల రిజిస్టర్లు తీసి, తీవ్ర గాయాలున్న రికార్డులన్నీ కూడితే 640 వచ్చాయనుకోండి. 12 లక్షల మందిని మూడేళ్లు గమనించాం కాబట్టి 36 లక్షల వ్యక్తి-సంవత్సరాలు. 640ని 36తో భాగిస్తే ఏడాదికి లక్షకు 17.8. చాలా నివేదికలు ఇక్కడే ఆగిపోతాయి. ఈ 640ని కాసేపు బోర్డు మీద ఉంచండి, మళ్లీ దాని దగ్గరకు వస్తాం.

ముందు తీవ్రం అంటే ఏమిటో తేలాలి. కొన్ని దేశాల చట్టాల్లో ఎముక విరిగినా, పన్ను ఊడినా అది తీవ్ర గాయమే. ఆ లెక్కన విరిగిన చిటికెన వేలు, మెదడులో రక్తస్రావం ఒకే గడిలో పడతాయి. ఆస్పత్రిలో చేర్చుకుంటే తీవ్రం అనడం మరో పద్ధతి. అందులో గాయం కంటే ఖాళీ పడకల సంఖ్య ఎక్కువ మాట్లాడుతుంది. పడకలు పెరిగిన ఏడాది గాయాలూ పెరిగినట్టు కనిపిస్తాయి. అందుకే శరీర నిర్మాణం ఆధారంగా, అంటే ఏ అవయవం ఎంత దెబ్బతిందో చూసి స్కోరు ఇచ్చే పద్ధతి నిలబడింది.

ఏఐఎస్ అనే గాయాల తీవ్రతా కొలత మొదట 1971లో వచ్చింది. ప్రతి గాయానికీ 1 నుంచి 6 వరకు అంకె. 1 అంటే చిన్నది, 3 అంటే తీవ్రం, 5 అంటే ప్రాణాల మీదకు తెచ్చేది, 6 అంటే బతికించడం దాదాపు అసాధ్యం. 1974లో సుసాన్ బేకర్, ఆమె సహచరులు దీని మీద ఐఎస్ఎస్ అనే మొత్తం స్కోరును కట్టారు. శరీరాన్ని ఆరు భాగాలు చేస్తారు: తల-మెడ, ముఖం, ఛాతీ, పొట్ట, కటివలయంతో సహా కాళ్లు-చేతులు, చర్మం. ఒక్కో భాగంలో అతి పెద్ద అంకె తీసుకుని, వాటిలో పైమూడింటి వర్గాలు, అంటే ఒక్కో అంకెను అదే అంకెతో గుణిస్తే వచ్చేవి, కూడాలి. తొడ ఎముక మధ్యలో విరిగింది, అది 3. పక్కటెముకలు నాలుగు విరిగాయి, అదీ 3. తొమ్మిదీ తొమ్మిదీ పద్దెనిమిది. ఎక్కడైనా 6 ఉంటే మిగతాది చూడకుండా 75 వేసేస్తారు. గరిష్ఠం కూడా అదే, 25 మూడుసార్లు.

మామూలుగా ఐఎస్ఎస్ 15 దాటితే తీవ్ర గాయం కింద లెక్క. 15 దాటాలా, 16 నుంచి మొదలుపెట్టాలా అని కమిటీల్లో వాదనలు నడుస్తుంటాయి. ఆ వాదన దండగ. మూడు వర్గాలు కూడితే 15 రానే రాదు. 14 తర్వాత నేరుగా 16.

ఈ స్కోరుకు ఒక పెద్ద లోపం ఉంది. రెండు తొడ ఎముకలూ విరిగిన మనిషికి రెండూ ఒకే భాగం కాబట్టి ఒక్క 3 మాత్రమే లెక్కలోకి వస్తుంది, స్కోరు 9. రక్తం బాగా పోయి చావుబతుకుల్లో ఉన్నా రిజిస్టరులో తీవ్ర గాయం కాదు. దీన్ని సరిదిద్దడానికే 1997లో ఎన్ఐఎస్ఎస్ వచ్చింది. భాగాలతో పని లేకుండా మూడు పెద్ద గాయాలను తీసుకుంటుంది. అదే మనిషికి ఇప్పుడు 18. తేడా ఎటు వస్తుందో చూడండి: ఒకే రోగులను ఐఎస్ఎస్ బదులు ఎన్ఐఎస్ఎస్‌తో లెక్కిస్తే సంఖ్య పెరుగుతుందే గాని తగ్గదు. కాబట్టి పక్కప్రాంతం రేటు మనకంటే ఎక్కువగా ఉంటే, వాళ్లు ఏ స్కోరు వాడారన్నది తొలి ప్రశ్న.

ఏఐఎస్ ఏ సంచిక అన్నది రెండో ప్రశ్న. 1998 సంచికలో ఎక్కువ అంకె ఉన్న చాలా గాయాలకు 2005 సంచికలో అంకె తగ్గింది. పాత సంచికలో 15 దాటిన వాళ్లతో పోల్చదగిన గుంపు కొత్త సంచికలో కావాలంటే 12 దాటిన వాళ్లను తీసుకోవాలని తేలింది. సంచిక మార్చి, గీత మాత్రం 15 దగ్గరే ఉంచితే ఆ ఏడాది తీవ్ర గాయాలు అమాంతం తగ్గినట్టు గ్రాఫులో కనిపిస్తుంది. ఆ తగ్గుదలకు ఎవరో ఒకరు సన్మానం కూడా చేయించుకుంటారు.

ఇప్పుడు కేస్‌షీట్ దగ్గరకు వెళ్దాం. అసలు నష్టం అక్కడే మొదలవుతుంది. కోడర్, అంటే కేస్‌షీట్ చదివి గాయాలకు అంకె వేసే మనిషి, ఊహించకూడదు, రాసి ఉన్నదానికే అంకె వేయాలి. పక్కటెముకలు ఒకటి విరిగితే 1, రెండైతే 2, మూడూ ఆ పైన అయితే 3. "పక్కటెముకలు విరిగాయి" అని మాత్రమే రాసి సంఖ్య వదిలేస్తే కోడర్ తక్కువ అంకె వేస్తాడు, వేయాలి కూడా. ఛాతీ అంకె 3 నుంచి 2కు పడితే, తొడ ఎముకతో కలిసిన ఆ మనిషి స్కోరు 18 నుంచి 13కు జారుతుంది. ఒక్క అంకె రాయనందుకు ఒక తీవ్ర గాయం రిజిస్టరు నుంచి మాయం. మెదడు పొరల కింద రక్తం గడ్డకడితే మందం ఎన్ని మిల్లీమీటర్లో రాయాలి. ప్లీహం చిట్లితే గ్రేడు రాయాలి. స్కాన్ రిపోర్టులో ఇవి ఉంటాయి, డిశ్చార్జ్ సమ్మరీలోకి ఎక్కవు. అందుకే కోడింగ్ డిశ్చార్జ్ సమ్మరీ నుంచి చేయకండి. స్కాన్ రిపోర్టు, ఆపరేషన్ నోట్సు, పోస్టుమార్టం రిపోర్టు, ఈ మూడూ ముందు పెట్టుకుని చేయండి.

కోడర్లు లేని చోట ఐసీడీ-10 (జబ్బులకూ గాయాలకూ అంతర్జాతీయంగా వాడే కోడ్ల జాబితా) కోడ్ల నుంచి తీవ్రతను అంచనా వేసే పద్ధతులున్నాయి. గాయాలు ఎస్00 నుంచి టీ98 వరకు ఉంటాయి, కారణాలు వీ01 నుంచి వై98 వరకు. ఇందులో రెండు గుంటలున్నాయి. టీ90 నుంచి టీ98 వరకు ఉన్నవి పాత గాయాల తాలూకు ఫలితాలు, కొత్త గాయాలు కావు, తీసేయాలి. టీ07, టీ14 అంటే గాయం ఉంది కానీ ఎక్కడో ఏమిటో చెప్పలేదని. వీటికి తీవ్రత లెక్కగట్టలేం. మీ డేటాలో ఈ రెండు కోడ్లు ఎంత శాతమో ముందు చూడండి. పదింట ఒకటి అవే అయితే రేటు లెక్కించే పని పక్కన పెట్టి, కోడింగ్ బాగుచేసే పని మొదలుపెట్టడం మంచిది.

సరే, మన 640. ఇవి రికార్డులు, మనుషులు కారు. చిన్న ఆస్పత్రిలో ప్రథమ చికిత్స చేసి పెద్ద ఆస్పత్రికి రెఫర్ చేస్తే ఒకే గాయం రెండు చోట్ల నమోదవుతుంది. వీటిని జత కలపడం కంప్యూటరుకు వదిలేసే పని కాదు. పేరు స్పెల్లింగు మారుతుంది, స్పృహలేని మనిషి పేరు మొదటి చోట "గుర్తుతెలియని వ్యక్తి" అని ఉంటుంది, వయసు ఒకచోట 38, ఇంకోచోట 40. అర్ధరాత్రి దాటితే తేదీ మారుతుంది. పేరును నమ్ముకోకుండా గాయమైన తేదీకి ఒకరోజు అటూ ఇటూ, వయసుకు మూడేళ్లు అటూ ఇటూ, లింగం, ప్రధాన గాయం, ఏ ఆస్పత్రి నుంచి వచ్చారన్న వివరం, ఈ ఐదూ కలిపి చూడాలి. కలిసీ కలవనివాటిని మనిషి కళ్లతో చూసి తేల్చాలి. ఇలా చేస్తే 118 రెండోసారి నమోదైనవని తేలాయనుకుందాం. మిగిలింది 522.

ఆరునెలల తర్వాత ప్లేటు తీయించుకోవడానికి వచ్చినవాళ్లు, పాత గాయం తిరగబెట్టి చేరినవాళ్లు ఇంకో 22. మిగిలింది 500. అదే మనిషి మరుసటేడు ఇంకో ప్రమాదంలో పడితే మాత్రం తీసేయకండి, అది రెండో గాయమే. మనం లెక్కించేది మనుషులను కాదు, ఘటనలను.

తర్వాత, హారంలో ఎవరున్నారో లవంలోనూ వాళ్లే ఉండాలి. హారం ఆ ప్రాంతంలో నివసించే 12 లక్షలు. దారిన పోతూ హైవే మీద గాయపడిన బయటివాళ్లు 74 మంది ఉన్నారు. వాళ్లు హారంలో లేరు, లవంలోనూ ఉండకూడదు. మిగిలింది 426. అలాగే మన ప్రాంతవాసులు బయట గాయపడి బయటి ఆస్పత్రుల్లో చేరితే వాళ్లను చేర్చాలి. వాళ్లు 31 మంది. 457 అయింది. మీకు కావాల్సింది జనానికి ఉన్న ముప్పు కాదు, ఆస్పత్రికి ఎంత పని పడుతుందన్నదైతే లెక్క వేరు: అప్పుడు బయటివాళ్లను ఉంచాలి, బయట చికిత్స పొందినవాళ్లను వదిలేయాలి, దాన్ని జనాభాతో భాగించకూడదు. ఈ రెండు అంకెలూ ఒకే పట్టికలో పక్కపక్కన వేస్తే చదివేవాళ్లు తప్పకుండా కలిపేసుకుంటారు.

ఇక అసలు పెద్ద లోటు. ఆస్పత్రికి చేరకముందే చనిపోయినవాళ్లు. ఆస్పత్రి రిజిస్టరుకు వీళ్లు కనబడరు. పోలీసు రికార్డులు, పోస్టుమార్టం రిజిస్టర్లు, మరణ ధ్రువపత్రాలు వెతికితే 143 మంది దొరికారు. మొత్తం 600. అందులో దాదాపు నాలుగో వంతు ఆస్పత్రి గడప తొక్కనివాళ్లే. గాయాల్లో ఘటనా స్థలంలోనే ప్రాణం పోవడం అరుదేమీ కాదు. పైగా అంబులెన్సు వేగంగా వచ్చే చోట ఇలాంటివాళ్లు కొనప్రాణంతో ఆస్పత్రికి చేరతారు, ఆలస్యమైన చోట నేరుగా మార్చురీకి వెళతారు. కేవలం ఆస్పత్రి లెక్కలు చూస్తే మొదటి ప్రాంతంలో గాయాలూ ఎక్కువే, ఆస్పత్రి మరణాలూ ఎక్కువే. మంచి సేవ చెడ్డ అంకెగా బయటపడుతుంది.

ఈ మరణాల్లో ఒక చిక్కుంది. ఎమర్జెన్సీలో అరగంటలో చనిపోయిన మనిషికి స్కాన్ తీసి ఉండరు. కనిపించిన గాయాలకే అంకె వేస్తే స్కోరు 9 రావచ్చు. చనిపోయిన మనిషి తీవ్రంగా గాయపడనట్టు నమోదవుతాడు. అందుకని, గాయం వల్ల 30 రోజుల్లోపు మరణిస్తే స్కోరు ఎంతైనా ఆ ఘటనను లెక్కలోకి తీసుకుంటామని ముందే రాసిపెట్టుకోవాలి. ఉరి, మునక, విషప్రయోగం విషయంలో కూడా ముందే తేల్చుకోండి. శరీర నిర్మాణం ఆధారంగా ఇచ్చే ఈ స్కోరు వీటికి సరిపడదు, చాలా రిజిస్ట్రీలు వదిలేస్తాయి. చేర్చినా తప్పు లేదు, చేర్చామని చెప్పకపోతే తప్పు.

ఇప్పుడు రెండు రేట్లు పక్కన పెట్టండి. మొదటిది 17.8. శుభ్రం చేశాక 600ని 36తో భాగిస్తే 16.7. ఇంత శ్రమ పడితే తేడా ఇంతేనా అనిపిస్తుంది. 600 ఘటనలకు 95 శాతం విశ్వాస పరిధి, అంటే కేవలం యాదృచ్ఛికత వల్ల అంకె ఎంత అటూ ఇటూ కావచ్చో చెప్పే హద్దులు, వేస్తే వర్గమూలం 24.5, దాన్ని 1.96తో గుణిస్తే 48. అంటే 552 నుంచి 648 వరకు, లక్షకు 15.3 నుంచి 18 వరకు. పాత 17.8 కూడా ఈ పరిధిలోనే ఉంది! గణాంకం దృష్టిలో రెండూ ఒకటే. కానీ మొదటి 640లో 214 రికార్డులు అక్కడ ఉండకూడనివి, ఉండాల్సిన 174 ఘటనలు అందులో లేవు. రెండు తప్పులు ఎదురెదురుగా కొట్టుకుపోయి అంకె మాత్రం నిలబడింది. విశ్వాస పరిధి యాదృచ్ఛికతను కొలుస్తుంది, లెక్కలోని తప్పును కాదు. వచ్చే ఏడాది రెఫరల్ విధానం మారి డూప్లికేట్లు సగమైతే, మరణాలు కలపని పాత పద్ధతి రేటు పడిపోతుంది, నేల మీద మాత్రం ఏమీ మారి ఉండదు.

చిన్న ప్రాంతాల విషయంలో యాదృచ్ఛికతే పెద్ద శత్రువు. 80 వేల జనాభా ఉన్న చోట ఏడాదిలో 9 ఘటనలు జరిగితే రేటు 11.3. కానీ కచ్చితమైన పాయిసాన్ పరిధి (అరుదైన ఘటనల సంఖ్యకు వాడే విశ్వాస పరిధి) వేస్తే 5.1 నుంచి 21.4 వరకు. ఇలాంటి పది చోట్లకు ర్యాంకులిస్తే ప్రతి ఏడాదీ మొదటి స్థానం మారుతుంది, అందులో సమాచారం శూన్యం. చిన్న సంఖ్యలకు వర్గమూలం సూత్రం వాడకండి, పాయిసాన్ పట్టికలు చూడండి. ఘటనలు సున్నా అయితే ముప్పు కూడా సున్నా అనుకోవద్దు. మూడుని జనాభాతో భాగించండి. 40 వేలమందిలో ఒక్క ఘటనా లేకపోయినా అసలు రేటు లక్షకు 7.5 దాకా ఉండొచ్చు. ఇలాంటి చోట ఐదేళ్లవి కలిపి చెప్పడమే న్యాయం.

వయసు సంగతి. ఒక ప్రాంతంలో 65 దాటినవాళ్లు 10 శాతం, ఇంకోచోట 20 శాతం. రెండు చోట్లా యువతకు రేటు 12, వృద్ధులకు 40 అనుకోండి. ముప్పు అచ్చంగా ఒకటే. అయినా మొత్తం రేటు మొదటి చోట 14.8, రెండో చోట 17.6 వస్తుంది. కాబట్టి పోల్చే ముందు ఒకే ప్రామాణిక జనాభాకు, అంటే రెండు చోట్లా వయసుల వాటాలు ఒకేలా ఉన్నాయనుకుని, సర్దుబాటు చేయాలి. సర్దుబాటు చేసిన రేటు పోలికకు మాత్రమే. పడకలు ఎన్ని కావాలో లెక్కించడానికి మాత్రం ముడి సంఖ్యే వాడాలి, ఎందుకంటే ఆస్పత్రికి వచ్చేది ప్రామాణిక జనాభా కాదు.

వృద్ధుల దగ్గర కాస్త ఆగాలి. తీవ్ర గాయం అనగానే వేగం, ఇనుము, యువకుడు గుర్తొస్తారు. జనాభా వయసు పెరుగుతున్న కొద్దీ నిలబడ్డ ఎత్తు నుంచి పడటం అనే మామూలు సంగతి తీవ్ర గాయాల్లో పెద్ద వాటా అవుతోంది. రక్తం పలచబరిచే మందులు వాడేవాళ్లు బాత్రూంలో జారితే మెదడులో రక్తస్రావం మెల్లగా రోజుల తరబడి సాగుతుంది. మగతగా ఉన్నారని మెడిసిన్ వార్డులో చేరుస్తారు, మూడో రోజు స్కాన్‌లో బయటపడుతుంది. ట్రామా రిజిస్టరు ఎమర్జెన్సీలోనే ఉంటే ఈ కేసు దానికి తగలదు. మెడిసిన్, న్యూరాలజీ వార్డుల అడ్మిషన్లలో ఎస్06, అంటే తల లోపలి గాయాల కోడ్, నెలకోసారి వెతకండి. ఎంత దొరుకుతుందో చూస్తే మీకే తెలుస్తుంది. తుంటి ఎముక ఒక్కటే విరిగిన వృద్ధులను చాలా రిజిస్ట్రీలు తీసేస్తాయి. ఆ నియమం మీకూ ఉంటే నివేదిక మొదటి పేజీలోనే చెప్పండి.

రేటు పెరుగుతోందా తగ్గుతోందా అన్నది చివరి విషయం. కొత్త సీటీ స్కానర్ వస్తే అంతకుముందు కనబడని చిన్న రక్తస్రావాలు, సన్నని పగుళ్లు కనబడతాయి, స్కోరు పెరుగుతుంది. ఇది నిజమైన పెరుగుదలా కాదా అని తేల్చడానికి, స్కానర్‌తో సంబంధం లేకుండా ఎప్పుడూ ఆస్పత్రికి వచ్చే గాయం ఒకటి పక్కన పెట్టుకోవాలి. యువకుల్లో తొడ ఎముక మధ్యభాగం విరగడం అందుకు బాగా పనికొస్తుంది. మామూలు ఎక్స్‌రేలో కనిపిస్తుంది, ఎవరూ ఇంట్లో ఉండిపోరు. అది నిలకడగా ఉండి, ఐఎస్ఎస్ 15 దాటినవి మాత్రం పెరుగుతుంటే, 16, 17 స్కోర్ల దగ్గర కుప్ప పెరిగిందేమో చూడండి. పెరిగితే అది స్కానర్ పని.

*ప్రశ్న: పోలీసు లెక్క, ఆస్పత్రి లెక్క ఎప్పుడూ కలవవు. ఏది నమ్మాలి?*

విడివిడిగా ఏదీ నమ్మకండి, రెండింటినీ కలిపి వాడండి. ఆస్పత్రి జాబితాలో 300, పోలీసు జాబితాలో 200, రెండింటిలోనూ ఉన్నవాళ్లు 120 అనుకోండి. కళ్లకు కనబడేది 380. కానీ పోలీసులకు దొరికిన 200 మందిలో ఆస్పత్రికి దొరికినవాళ్లు 120, అంటే 60 శాతం. ఆస్పత్రి జాబితా 60 శాతమే పట్టుకుంటుందనుకుంటే మొత్తం 500. చాప్‌మన్ సూత్రంతో (ఇదే లెక్కకు చిన్న సవరణ) 499 వస్తుంది. అంటే ఇంకో 120 మంది దాకా ఏ జాబితాలోనూ లేరు. ఈ లెక్క రెండు జాబితాలూ ఒకదానితో ఒకటి సంబంధం లేనివైతేనే సరిగ్గా వస్తుంది. ఆస్పత్రే పోలీసులకు సమాచారం పంపే చోట రెండు జాబితాల్లోనూ ఉన్నవాళ్ల సంఖ్య అసలుకంటే ఎక్కువగా ఉంటుంది, అంచనా తక్కువ వస్తుంది. కాబట్టి 499ని కనీస సంఖ్యగా తీసుకోండి. ఇంకోటి, జతలు కలిపేటప్పుడు తప్పితే అంచనా ఎటైనా పోతుంది. నిజంగా కలవాల్సిన 20 జతలు వదిలేస్తే 120 కాస్తా 100 అవుతుంది, మొత్తం 600 అయిపోతుంది. అంచనా వేసే ముందు 50 జతలు తీసి ఇద్దరు విడివిడిగా తేల్చి చూడండి. ఇద్దరికీ ఐదింట ఒక చోట పొంతన కుదరకపోతే సూత్రం జోలికి వెళ్లకండి.

*ప్రశ్న: మాకు కోడర్లు లేరు, పోస్టుమార్టం రిపోర్టులు చేతికి రావు. ఎక్కడ మొదలుపెట్టాలి?*

ఐఎస్ఎస్ వదిలేయండి ముందు. గాయంతో ఐసీయూలో చేరడం, గాయమైన 24 గంటల్లో ప్రాణం కాపాడే ఆపరేషన్ జరగడం, గాయం వల్ల మరణించడం, ఈ మూడింటిలో ఏదో ఒకటి ఉన్న ప్రతి ఘటననూ ఒక వరుసలో రాయండి. తేదీ, వయసు, లింగం, నివాసం, గాయమైన చోటు, కారణం, ఎక్కడి నుంచి రెఫర్ అయ్యారు, చివరికి ఏమైంది. ఈ ఎనిమిది గడులు చాలు. కేస్‌షీట్‌లో పక్కటెముకల సంఖ్య రాయించడం ఇవాళే మొదలుపెట్టండి, స్కోరు వేసే మనిషి వచ్చేసరికి రెండేళ్ల కాగితాలు సిద్ధంగా ఉంటాయి.